క్షమించిన మరునాటి ఉదయం

2025 శ్రమల వారంలో, గుడ్‌ఫ్రైడేకు సరిగ్గా రెండు రోజుల ముందు, ఏప్రిల్ 16వ తేదీన ఒడిశాలోని కియోంఝర్ జైలు నుండి మహేంద్ర హెంబ్రం అనే ఖైదీ విడుదలయ్యాడు. పాతికేళ్లు జైల్లో గడిపిన అతడిని సత్ప్రవర్తన కారణంగా విడిచిపెట్టారు. పేరు చెబితే మనలో చాలామందికి గుర్తు రాకపోవచ్చు గానీ, కేసు చెబితే గుర్తుపట్టని క్రైస్తవులు తక్కువ. 1999 జనవరి 22 అర్ధరాత్రి దాటాక, కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్ గ్రామంలో తమ బండిలోనే నిద్రిస్తున్న ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ, ఆయన కుమారులు పదేళ్ల ఫిలిప్‌నూ, ఆరేళ్ల తిమోతినీ సజీవదహనం చేసిన కేసు అది.

ఆ కేసులో కింది కోర్టు 2003లో దారాసింగ్‌కు ఉరిశిక్ష, హెంబ్రంతో సహా మరో 12 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2005లో హైకోర్టు దారాసింగ్ ఉరిని యావజ్జీవంగా మార్చి, హెంబ్రం శిక్షను ఖాయం చేసి, మిగిలిన 11 మందిని నిర్దోషులుగా వదిలిపెట్టింది. 2011 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. జైలు గేటు దాటి బయటికొచ్చిన హెంబ్రం, తనను అన్యాయంగా ఈ కేసులో ఇరికించారని విలేకరులతో అన్నట్టు వార్తలొచ్చాయి. పశ్చాత్తాపం మాట అందులో లేదు.

ఆ వార్త చదివిన విశ్వాసుల మధ్య రెండు రకాల మాటలు వినిపించాయి. ముగ్గురిని కాల్చి చంపిన కేసులో సత్ప్రవర్తన ఏమిటి, ఇదేం న్యాయం అన్నవారు కొందరు. గ్లాడిస్ స్టెయిన్స్ అమ్మగారు అప్పుడే క్షమించేశారు కదా, ఇక మనకెందుకీ చర్చ అని దాటవేసినవారు మరికొందరు. కోపంలో తప్పు లేదు, క్షమాపణను గుర్తు చేయడంలోనూ తప్పు లేదు. కానీ రెండు వర్గాలూ ఆమెను 1999 జనవరిలోనే ఆపేశాయి. నిజానికి పాతికేళ్లుగా మన ప్రసంగాల్లో కూడా అదే జరుగుతోంది. భర్తనూ బిడ్డలనూ పోగొట్టుకున్న తల్లి హంతకులను క్షమించానంది, సమాధి కార్యక్రమంలో పదమూడేళ్ల కూతురు ఎస్తేరుతో కలిసి పునరుత్థాన నిరీక్షణ గీతం పాడింది. ఇంతవరకు చెబుతాం, సంఘం కన్నీళ్లు తుడుచుకుంటుంది, ప్రార్థన చేసి ఇళ్లకు వెళ్లిపోతాం. మరునాడు ఉదయం ఆమె ఏం చేశారన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

మరునాడు, ఆ తర్వాత మరో అయిదేళ్ల పాటు ఆమె బారిపదలోనే ఉన్నారు. మయూర్‌భంజ్ కుష్ఠురోగుల ఆశ్రమం పనులు చూసుకున్నారు. గ్రాహం 1965లో, 24 ఏళ్ల వయసులో మొదటిసారి అక్కడికి వచ్చి, మూడు దశాబ్దాలకు పైగా సేవ చేసిన చోటు అది. నర్సుగా శిక్షణ పొందిన గ్లాడిస్ 1983లో ఆయనను వివాహమాడింది మొదలు ఆ సేవలో పాలుపంచుకున్నారు. అలాంటి చోట భర్త లేకుండా, ఇద్దరు కొడుకులు లేని ఇంట్లో నిద్రలేచి, మళ్లీ అదే రోగుల మధ్యకు వెళ్లడమంటే ఏమిటో ఊహించుకోండి. క్షమించాననడానికి ఒక్క క్షణపు ధైర్యం చాలునేమో. ఆ తర్వాతి ఉదయాలకు మాత్రం దేవుడు తనను ఇంకా ప్రేమిస్తున్నాడన్న నమ్మకం ప్రతిరోజూ కొత్తగా కావాలి.

కుష్ఠురోగి సేవ ఎలా ఉంటుందో తెలిస్తే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ వ్యాధి నరాలను దెబ్బతీస్తుంది. చేతికి, కాలికి స్పర్శ పోతుంది. కాలిలో ముల్లు దిగినా, వేడి గిన్నె పట్టుకుని చెయ్యి కాలినా రోగికి తెలియదు. వేళ్లు వ్యాధి వల్ల ఊడిపోతాయని అందరూ అనుకుంటున్న రోజుల్లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ అసలు సంగతి బయటపెట్టారు. నొప్పి తెలియకపోవడం వల్ల రోజూ తగిలే దెబ్బలు, పుండ్లే వేళ్లను తినేస్తున్నాయి. రాత్రిపూట నిద్రలో ఎలుకలు కొరికినా మెలకువ రాని రోగులు ఉండేవారు. అందుకే వాళ్లకు పిల్లులను పెంచుకోమని ఇచ్చి పంపేవారట. కాబట్టి కుష్ఠురోగి సేవలో అద్భుతాలకన్నా అలవాటుకే ఎక్కువ పని. ప్రతిరోజూ కాళ్లు నీళ్లలో నాననివ్వాలి, గట్టిపడిన చర్మాన్ని తీయాలి, పుండు ఉందేమో వెతకాలి, కట్టు కట్టాలి. రేపు మళ్లీ మొదలు.

దేవుని ప్రేమకు విధేయత చూపడం కూడా ఇలాంటి పనే. లూకా సువార్త 5వ అధ్యాయంలో పేతురు రాత్రంతా శ్రమపడి ఒక్క చేపా దొరక్క, వలలు కడుక్కుంటున్నాడు. లోతుకు వెళ్లి మళ్లీ వల వేయమని ప్రభువు చెప్పాడు. జాలరి కుటుంబాల్లో పుట్టినవారికి ఇక్కడ ఒక చిన్న సంగతి వెంటనే తడుతుంది. కడిగిన వలను మళ్లీ నీళ్లలో వేస్తే మళ్లీ కడగాలి. చేపలు పడినా, పడకపోయినా ఆ పని తప్పదు. మనం చేపల రాశిని గురించి ప్రసంగిస్తాం గానీ, అలసిన చేతులతో కడిగిన వలను తిరిగి ఎత్తిన ఆ క్షణాన్ని గురించి మాట్లాడం. పేతురు తన అనుభవాన్ని కాక ప్రభువు మాటను నమ్మింది అక్కడే, చేపలింకా పడకముందే.

దేవుడు తనను ప్రేమిస్తున్నాడని ఒప్పుకోని క్రైస్తవుడు ఉండడు. సండేస్కూల్ పిల్లవాడిని అడిగినా చెబుతాడు. అయితే ఆ ప్రేమ మీద మన బరువంతా మోపి ఒక అడుగు వేయాల్సి వచ్చినప్పుడు లెక్కలు మొదలవుతాయి. అన్నదమ్ముల మధ్య మూడు సెంట్ల స్థలం దగ్గర పేచీ వస్తుంది. ఇద్దరూ విశ్వాసులే, ఒకే సంఘానికి వస్తారు, చెరొక వైపు కూర్చుంటారు. ఒకే పాత్రలోని ద్రాక్షారసం తీసుకుంటారు, పదేళ్లు పలకరించుకోరు. బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చినప్పుడు సహోదరునికి మన మీద ఏదైనా అభ్యంతరం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే విడిచి వెళ్లి ముందు సమాధానపడమని ప్రభువు మత్తయి 5వ అధ్యాయంలో చెప్పిన మాట ఇద్దరికీ కంఠతా వచ్చు. అయినా వెళ్లరు. ఎందుకు వెళ్లరంటే, ఆ మూడు సెంట్లు పోతే దేవుడు చూసుకుంటాడన్న నమ్మకం లేక. పైకి విధేయత లోపంలా కనిపించేదాని అడుగున చాలాసార్లు ఉండేది నమ్మకం లోపమే. సంఘాల ఆస్తుల మీద విశ్వాసులే వాదిగా, విశ్వాసులే ప్రతివాదిగా కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచే వ్యాజ్యాల సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

క్షమాపణ పేరుతో జరిగే మరో పొరపాటునూ ఇక్కడే చెప్పుకోవాలి. గ్లాడిస్ క్షమించారు గానీ, క్షమాపణనూ నేరానికి కలిగే పర్యవసానాలనూ కలిపేయకూడదని స్పష్టంగా అన్నారు. తన భర్త, బిడ్డల మరణానికి కారకులైనవారిని శిక్షించాలన్న తలంపు తనకు లేదనీ, వారు పశ్చాత్తాపపడి మారాలన్నదే తన కోరిక అనీ విచారణ కమిషన్‌కు తెలియజేశారు. అలాగని కేసు ఎత్తివేయమని ఆమె అడగలేదు. చట్టం పని చట్టానిది, తన హృదయం సంగతి తనకూ దేవునికీ మధ్యది. ఈ తేడా తెలియక మన సంఘాల్లో ఎంత హాని జరుగుతోందో! తాగొచ్చి కొట్టే భర్త మీద ఫిర్యాదు ఇవ్వబోయిన చెల్లెమ్మకు, గ్లాడిస్ అమ్మగారు ముగ్గురిని చంపినవారినే క్షమించింది, నువ్వు ఈ మాత్రం ఓర్చుకోలేవా అని బుద్ధి చెప్పే పెద్దలున్నారు. ఆమె సాక్ష్యాన్ని ఆమె చెప్పిన మాటకే వ్యతిరేకంగా వాడుకోవడమది. పోలీస్ స్టేషన్‌కు వెళ్లిన స్త్రీ క్షమించనట్టు కాదు. ఆమెను ఇంటికి తిప్పి పంపిన పెద్దలు ప్రేమించినట్టూ కాదు.

మరి పశ్చాత్తాపపడనివారిని క్షమించడం ఎలా? హెంబ్రం మాటలు విన్నాక ఈ ప్రశ్న తప్పదు. మారాలని గ్లాడిస్ కోరుకున్నారు, 26 ఏళ్లు గడిచినా ఆ మార్పు జైలు గేటు దగ్గర కనిపించలేదు. ఆ రోజు వరకు ఆమె ఎదురుచూసి ఉంటే ఆ పాతికేళ్లు పగతోనే గడిచిపోయేవి. ఆ పగకు కాపలా ఉండడం తప్ప మరో పని చేయడానికి చేతులు ఖాళీగా ఉండేవి కావు. ఆమె వాళ్ల మార్పును నమ్మి క్షమించలేదు, తనను క్షమించిన దేవుని ప్రేమను నమ్మి క్షమించింది. హంతకుల మనసు ఆమె చేతిలో లేదు. ఆ ఉదయం ఎవరి కాలికి కట్టు కట్టాలన్నది మాత్రం ఆమె చేతిలో ఉంది.

ఒక మనిషిని తాకాలా వద్దా అన్న చోటే ప్రేమ ఎంతవరకు నిజమో తేలిపోతుంది. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో కుష్ఠురోగి వచ్చి మోకరించినప్పుడు ప్రభువు దూరం నుండే ఒక మాటతో బాగు చేయగలిగినవాడు. అయినా చెయ్యి చాపి ముట్టుకున్నాడు. ధర్మశాస్త్రం ప్రకారం ఊరికి వెలుపల ఉండాల్సిన మనిషి అతడు. ఎన్నేళ్ల తర్వాత మరో మనిషి చెయ్యి అతడి ఒంటి మీద పడిందో! ఆ ప్రభువును ఆరాధించే మనం ఏం చేశామో చూడండి. క్రైస్తవులకు వర్తించే విడాకుల చట్టం 1869 నాటిది. దాన్ని 2001లో సవరించినప్పుడు, భార్య గానీ భర్త గానీ విడాకులు కోరడానికి తగిన కారణాల్లో నయం కాని కుష్ఠును కూడా చేర్చారు. అప్పటికి ఆ వ్యాధిని పూర్తిగా నయం చేసే బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసి ఇరవై ఏళ్లయింది! ఇతర మతాల వివాహ చట్టాల్లోనూ ఇలాంటి నిబంధన ఉండేది నిజమే. కానీ రోగిని ముట్టుకున్న ప్రభువు మనకు ఉన్నాడు కదా. దాన్ని తీసేయమని గట్టిగా అడగాల్సిన మొదటి గొంతు మనదే కావాలి. చివరికి 2019లో పార్లమెంటే అన్ని చట్టాల నుండీ దాన్ని తొలగించింది.

మన తెలుగు నేల మీద ఈ సేవకు పెద్ద చరిత్రే ఉంది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసాబెల్ కెర్ అమ్మగారు గత శతాబ్దం ఆరంభంలో కుష్ఠురోగుల ఆసుపత్రిని నిలబెట్టారు. దానికి భారీ విరాళమిచ్చి ఆదుకున్నది రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. మందు లేని ఆ కాలంలో వాళ్లు వెనకాడలేదు. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందు ఉచితం, ఆరు నెలలో ఏడాదో వాడితే నయమవుతుంది. జాతీయ స్థాయిలో పదివేల మందికి ఒక్కరి కన్నా తక్కువ స్థాయికి 2005 చివరికే వ్యాధి తగ్గింది. దాంతో ఇక కుష్ఠే లేదనుకుని మరచిపోయాం. 2022-23లో మన దేశంలో కొత్తగా బయటపడిన కేసులు లక్షకు పైమాటే. నయమైనా వేళ్లు పోయినవాళ్లు, ఇల్లు చేరలేనివాళ్లు రైల్వే స్టేషన్ల దగ్గర, ఊరి చివర కాలనీల్లో ఇంకా ఉన్నారు.

ఇద్దరు కుమారుల ఉపమానంలో తండ్రి తోటలో పనిచేయమంటే ఒకడు వెళ్తానని చెప్పి వెళ్లలేదు, మరొకడు వెళ్లనని చెప్పి తర్వాత మనసు మార్చుకుని వెళ్లాడు. తండ్రి ఇష్టం నెరవేర్చింది ఎవరని ప్రభువు అడిగాడు. ఆ ప్రశ్నకు యాజకులు, పెద్దలు కూడా తడుముకోకుండా సరైన జవాబే చెప్పారు (మత్తయి 21). జవాబు తెలియక కాదు వాళ్ల సమస్య.

గ్లాడిస్ 2004లో కూతురి దగ్గరికి ఆస్ట్రేలియా వెళ్లారు. అదే ఏడాది బారిపదలో గ్రాహం పేరిట ఆసుపత్రి ప్రారంభమైంది. 2005లో మన ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. ఏటా జనవరి 23 దగ్గర పడగానే మన సంఘాల్లో ఆ కుటుంబాన్ని తలచుకుంటాం. దానికి సరిగ్గా వారం తర్వాత, గాంధీజీ వర్ధంతి అయిన జనవరి 30న, కుష్ఠు నివారణ దినం వస్తుంది. మొదటి తేదీ మనకు బాగా గుర్తుంటుంది. మన ఊరి కుష్ఠు కాలనీ ఎక్కడుందో, అక్కడ ఈ వారం ఎవరి కాలికి పుండు పడిందో ఎవరికైనా తెలుసా అని ఏదైనా ఒక ఆదివారం ఆరాధన ముగిశాక సంఘంలో అడిగి చూస్తే, జవాబు రావడానికి కాసేపు పడుతుంది.