గైర్హాజరు ఎవరు?

పాలస్తీనా మాట ఎత్తగానే మన సాహితీమిత్రులు కొందరు నిట్టూర్చి, "అది వేల ఏండ్లనాటి మతవైరం, తెగేది కాదు" అని చేతులు దులుపుకుంటారు. వినడానికి ఇది వేదాంతంలా ఉంటుంది. నిజానికి దోషిని తప్పించే వాదం. అంత పాత తగవుకు ఎవరినని బాధ్యుణ్ణి చేస్తాం? కాని ఈ తగవుకు తేదీలున్నాయి, దస్తావేజులున్నాయి.

1917 నవంబరు 2న బ్రిటిషు విదేశాంగమంత్రి బాల్ఫర్, తనది కాని నేలమీద యూదులకు "జాతీయ నివాసం" వాగ్దానం చేశాడు. అప్పటి అక్కడి జనంలో 10కి 9 మంది అరబ్బులు. ప్రకటనలో వారి పేరైనా లేదు. "యూదేతర సమాజాలు" అని సరిపెట్టారు. బ్రిటిషు మంత్రివర్గంలోని ఏకైక యూదుడు, ఇండియా వ్యవహారాల మంత్రి మాంటేగూ, దీన్ని వ్యతిరేకించాడు. మతవైరమే మూలమైతే దీనికి అర్థమేమిటి?

1920లలో బేరూతులో కాపురమున్న సుర్సుక్ కుటుంబం మర్జ్ ఇబ్న్ ఆమిర్ మైదానంలోని భూములను యూదు సంస్థలకు అమ్ముకుంది. దున్నుతున్న అరబ్బు కౌలురైతులు లేచిపోవలసి వచ్చింది. ఊళ్లో లేని భూస్వామి గైర్హాజరు మాత్రం అతని హక్కుగానే చెల్లింది.

యూదుల బాధ కల్పితమని నేననను. 1938లో ఎవియాన్ సమావేశానికి వచ్చిన 32 దేశాలలో దాదాపు అన్నీ సానుభూతి చెప్పి తలుపులు మూసుకున్నాయి. నాజీలు 60 లక్షల మందిని చంపారు. ఆ పాపం యూరపుది. పరిహారం చెల్లించిన నేల యూరపుది కాదు. 1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి, జనాభాలో మూడోవంతుగా ఉన్న యూదులకు సగానికి మించిన నేల కేటాయించింది. భారతదేశం వ్యతిరేకించింది. సోవియట్ యూనియన్ సమర్థించింది. మరుసటి ఏడు చెకొస్లొవేకియా ఇజ్రాయెల్‌కు ఆయుధాలు అమ్మింది. ఈ మాట చెప్పడానికి మనలో కొందరికి నోరు రాదు. నిజం చెప్పేముందు శిబిరం చూసుకునేవాడు అభ్యుదయవాది ఎట్లా అవుతాడు?

1948 ఏప్రిల్ 9న యూదు సాయుధ దళాలు దైర్ యాసీన్‌లో వందమందికి పైగా గ్రామస్థులను చంపాయి. నాలుగు రోజులకే హదస్సా ఆసుపత్రికి పోతున్న వాహనాలపై అరబ్బుల దాడిలో 70 మందికి పైగా చనిపోయారు. మే 15న అరబ్బు రాజ్యాల సైన్యాలు ప్రవేశించాయి. రైతుకోసమేనా? 1950లో జోర్డాను రాజు పశ్చిమతీరాన్ని తన రాజ్యంలో కలుపుకున్నాడు.

యుద్ధం ముగిసేసరికి ఇజ్రాయెల్ చేతిలో సుమారు 78 శాతం నేల ఉంది. 7 లక్షలకు పైగా అరబ్బులు కాందిశీకులయ్యారు. శాంతిగా బతకదలచినవారిని తిరిగి రానివ్వాలని సమితి 1948 డిసెంబరులో తీర్మానించింది. ఇజ్రాయెల్ 1950లో గైర్హాజరైనవారి ఆస్తి చట్టం చేసింది. పారిపోయినవాని పొలం కస్టోడియన్ పాలైంది. పక్క ఊళ్లో తలదాచుకుని ఇజ్రాయెల్‌లోనే మిగిలినవాడు కూడా ఎందరో విషయంలో గైర్హాజరే! మరుసటి ఏడు ఇరాక్, వెళ్లిపోతున్న తన యూదుల ఆస్తులను స్తంభింపజేసింది. మతాలు వేరు, కిటుకు ఒకటే.

సాహిత్యం ఏం చెప్పింది? ఆ యుద్ధంలో పాల్గొన్న ఇజ్రాయెల్ రచయిత ఎస్. ఇజ్‌హార్ 1949లో "ఖిర్బెత్ ఖిజె"లో అరబ్బు గ్రామాన్ని ఖాళీ చేయించే సైనికుని అంతరాత్మను చిత్రించాడు. 1963లో ఘస్సాన్ కనఫానీ, కూలికోసం కువైటుకు పోతూ నీళ్ల ట్యాంకులో ఉక్కిరిబిక్కిరై చచ్చిన ముగ్గురు కాందిశీకుల కథ రాశాడు. ఇద్దరూ దేవుణ్ణి కాదు, నేల పోయిన మనిషిని చూశారు.

గాజా జనంలో అత్యధికులు 1948 కాందిశీకులూ వారి సంతతీ. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్‌లో దాదాపు 1,200 మందిని చంపడం నేరం. ఆ తర్వాత గాజాలో వేలాది పసివాళ్లను చంపడమూ నేరమే. ఒకటి రెండోదానికి సమర్థన కాదు. కాని ఈ రెండింటికీ కారణాన్ని మతగ్రంథాలలో వెతికే మిత్రులను ఒక్కటి అడుగుతున్నాను: ఆ పొలం దున్నినవాడు ఇప్పుడు ఎక్కడున్నాడు? ఈ ప్రశ్న వేయకుండా ఎన్ని వ్యాసాలు రాసినా, చర్చలో గైర్హాజరైనవారు మీరే.