నాలుగో పేరు

"మీరు సిటిజెన్ కదండీ, మరి మీ తమ్ముణ్ణి తీసుకురాలేదేం?" అని ఇక్కడ న్యూజెర్సీలో గుళ్ళోనూ పెళ్ళిళ్ళలోనూ నన్ను అడిగినవాళ్ళకి లెక్కలేదు. ఊరినుంచి ఆవకాయ జాడీ తెచ్చుకోలేదేం అన్నట్టే అడుగుతారు. తీసుకొస్తున్నానండీ. 2006 ఫిబ్రవరి నుంచీ తీసుకొస్తూనే ఉన్నాను.

తెలియనివాళ్ళ కోసం ముందు ఈ వరసల సంగతి చెప్పాలి. అమెరికా పౌరులు తమ అమ్మానాన్నల్ని, భర్తనో భార్యనో, 21 ఏళ్ళు నిండని పెళ్ళికాని పిల్లల్ని క్యూ లేకుండా పిలిపించుకోవచ్చు. కాగితాలు కదలడానికి ఎంత పడితే అంతే. మా అమ్మకి ఏడాదిలోపే గ్రీన్‌కార్డు వచ్చింది. (రెండు చలికాలాలు చూసి, "ఈ కార్డు నువ్వే దాచుకోవే" అని తెనాలి వెళ్ళిపోయింది. ఆ కథ ఇంకోసారి.) తోడబుట్టినవాళ్ళది మాత్రం ఎఫ్4 అనే ఆఖరి వరస. ప్రపంచం మొత్తానికి ఏడాదికి 65,000 వీసాలు. వచ్చేవాళ్ళ భార్యలూ భర్తలూ పిల్లలూ కూడా ఆ లెక్కలోకే వస్తారు. పైగా ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదని ఇంకో గీత. అందుకే మనవాళ్ళ క్యూ ఇరవై ఏళ్ళకి దగ్గరగా సాగుతుంది.

అమ్మ అడిగిందని అప్లికేషన్ వేశాను. "వాడూ నీ పక్కనుంటే నేను నిశ్చింతగా పోతాను" అంది. వాడికప్పుడు 36. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. పాపకి ఏడున్నర, బాబుకి నాలుగు.

మేమిద్దరం ఒక తండ్రి పిల్లలమని రుజువు చేయాలన్నారు. నేను 1966లో మా అమ్మమ్మగారి ఊళ్ళో ఇంట్లోనే పుట్టాను. మంత్రసానికి తప్ప ఏ రిజిస్టరుకీ తెలియదు. రికార్డు లేదని పంచాయతీ నుంచి ఒక కాగితం, పుట్టినప్పుడు చూశామని పెద్దమ్మా మేనమామా నోటరీ ముందు పెట్టిన సంతకాలు, ఇవీ నా బర్త్ సర్టిఫికెట్. ఇక నాన్న పేరు నా సర్టిఫికెట్లో సుబ్బారావు, తమ్ముడి దాంట్లో వెంకట సుబ్బారావు. ఆ ఇద్దరూ ఒకరేనని ఇంకో అఫిడవిట్. నాన్న పోయి అప్పటికి ఆరేళ్ళు. ఆయన బతికుండగా ఆయన ఒక్కరేనా అని ఎవరూ అనుమానపడలేదు మరి.

2010 జూన్‌లో పిటిషన్ అప్రూవ్ అయిందని ఉత్తరం వచ్చింది. ఆ రోజు పరమాన్నం చేశాను. అప్రూవ్ అయితే వీసా వచ్చినట్టు కాదని, క్యూలో నిలబడటానికి ఒప్పుకున్నారని మాత్రమే అర్థమని తర్వాత తెలిసింది. ఇక అప్పట్నుంచీ నెలనెలా వీసా బులెటిన్ చూడటం నాకు పంచాంగం చూసినట్టు అయిపోయింది. ఒక నెల వారం జరిగేది, ఒక నెల కదిలేదే కాదు, ఒక్కోసారి వెనక్కి కూడా నడిచేది. అమ్మ ఫోన్లో "ఎంతదాకా వచ్చిందే?" అనేది. తర్వాత అడగడం మానేసింది. తర్వాత అమ్మే లేకుండా పోయింది.

2024 అక్టోబరులో మా తేదీ వచ్చింది. తమ్ముడికి ఫోన్ చేసే ముందు కాయితం మీద ఒక లెక్క వేశాను.

పిల్లలకి 21 దాటితే తండ్రితో రావడానికి లేదు. కానీ 2002లో వచ్చిన చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. పిటిషన్ ఆఫీసులో తేలకుండా ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు పిల్లల వయసులోంచి తీసేస్తారు. మాది నాలుగేళ్ళా నాలుగు నెలలు ఉంది. బాబుకి 22 దాటినా, ఆ నాలుగేళ్ళు తీసేస్తే 18 చిల్లర. వాడు రావచ్చు. పాపకి 26 ఏళ్ళా 2 నెలలు. తీసేస్తే 21 ఏళ్ళా 10 నెలలు.

మూడుసార్లు వేశాను. పది నెలలు తగ్గడం లేదు.

నేను పరమాన్నం చేసుకున్న ఆ అప్రూవల్ ఇంకో ఏడాది ఆలస్యమై ఉంటే మా మేనకోడలు వచ్చేసేది! ఫైలు మీద నిద్రపోతున్నారని నేనే కదా ఆ రోజుల్లో తిట్టిపోసింది.

తమ్ముడు అంతా విన్నాడు. లెక్కల మాస్టారు కదా, మళ్ళీ చెప్పమనలేదు. "పాప తర్వాత రావడానికి దారేమైనా ఉందా అక్కా?" అన్నాడు. ఉంది. వాడికి గ్రీన్‌కార్డు వచ్చాక పెళ్ళికాని కూతురికి వాడే పిటిషన్ వేయొచ్చు. ఇప్పటి క్యూ చూస్తే ఇంకో ఎనిమిది తొమ్మిదేళ్ళు. వాడు పౌరుడు అయ్యేలోపు ఆ పిల్ల పెళ్ళి చేసుకుందా, ఆ పిటిషన్ రద్దు. అవతల మా మరదలు ఆ నెలలోనే రెండు సంబంధాలు చూసి ఉంది.

"నేనడిగానా అక్కా నిన్ను?" అన్నాడు చివరికి. కోపంగా కాదు, నిజంగానే గుర్తు చేసుకుంటున్నట్టు. అడగలేదురా. నువ్వూ అడగలేదు, నేనూ నిన్ను అడగలేదు. ఇద్దరం అమ్మ మాట విన్నాం. ఇప్పుడు వాడికి 54. ఇంకా ఎనిమిదేళ్ళ సర్వీసుంది. ఇక్కడికొచ్చి ఏ స్టోరులోనో క్యాష్ కౌంటర్లో నిలబడతాడా? అది కూడా నేను ఇరవై ఏళ్ళనాడు ఆలోచించలేదు.

ఇక నా వైపు కాగితాలు. స్పాన్సర్ చేసేవాళ్ళు తమ ఇంటివాళ్ళనీ వచ్చేవాళ్ళనీ కలిపి లెక్కేసి, అంతమందికి పేదరిక రేఖ మీద 125 శాతం ఆదాయం చూపించాలి. నేను ఉద్యోగం మానేశాను, మా ఇద్దరి పెన్షనూ సరిపోలేదు. జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టమని మా అబ్బాయిని అడిగాను. వాడు ఆ ఫారం మొత్తం చదివాడు. (మనం ఎవరం చదవం.) "అమ్మా, మామయ్య సిటిజెన్ అయ్యేదాకానో, ఇక్కడ పదేళ్ళ పని లెక్క పూర్తయ్యేదాకానో, తిరిగి వెళ్ళిపోయేదాకానో నాది పూచీ. ఇది శుభలేఖ కాదు, కాంట్రాక్టు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అర్ధరాత్రి నేనూ చదివాను. వాడు చెప్పిందే ఉంది. పొద్దున్నే వాడే వచ్చి సంతకం పెట్టాడు. వేసవి సెలవుల్లో మామయ్య దగ్గర చెరువులో ఈత నేర్చుకున్నవాడే.

రెండు వారాల తర్వాత హైదరాబాదు నుంచి మేనకోడలు ఫోన్ చేసింది. అక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "అత్తా, నావల్ల నాన్న ఆగిపోతున్నాడు. నేను చెబితే వినడు, నువ్వు చెప్పు. తమ్ముడికైనా పనికొస్తుంది" అంది. నాకు మాట రాలేదు. "నీకేమీ బాధగా లేదా?" అంటే, "చిన్నప్పుడు స్కూల్లో అందరికీ చెప్పుకున్నాను, మేం అమెరికా వెళ్ళిపోతున్నామని. ఆరో తరగతిలో. తర్వాత మర్చిపోయాను" అని నవ్వింది.

నోటీసు వచ్చిన ఏడాదిలోగా మనం కదలకపోతే పిటిషన్ కొట్టేస్తారు. గడువు దగ్గరపడ్డాక తమ్ముడు ఫోన్ చేశాడు. "ఫీజు కట్టు అక్కా. ముంబై ఇంటర్వ్యూ నాటికి ఆలోచిద్దాం" అన్నాడు. మా మరదలు పక్కనుంచి ఏమీ అనలేదు.

ఆ రాత్రి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మా స్పాన్సర్ ఫారానికి 120 డాలర్లు, మనిషికి 325 చొప్పున ముగ్గురికి 975. మొదటి పిటిషన్ కాపీ పక్కనే పెట్టుకున్నాను. అందులో నా చేత్తో రాసిన పేర్లు నాలుగున్నాయి. మూడింటి పక్కన టిక్కు పెట్టి కాపీ మడిచేశాను.