జైలు రూల్సు బుక్కులో మన కులం

జైల్లో కులం ఉండదని చాలామంది అనుకుంటారు. అందరికీ ఒకటే గుడ్డలు, ఒకటే కూడు, ఒకటే తాళం, ఇంక కులమెక్కడిది అంటారు. మన కుర్రోళ్ల మీద కేసులు బనాయించి లోపలేసినప్పుడు మనం కూడా బెయిలు కోసమే తిరిగాం. వకీలు చుట్టూ తిరిగాం, జామీను పెట్టేవాళ్ల కోసం తిరిగాం. లోపల వాడి చేతికి గరిటె ఇచ్చారా, చీపురు ఇచ్చారా అని మాత్రం ఎవరమూ అడగలేదు. అడిగి ఉండాల్సింది. ఎందుకంటే గరిటె ఎవడికి, చీపురు ఎవడికి అన్నది వార్డరు తన ఇష్టంతో తేల్చిన సంగతి కాదు. అది వాడి డ్యూటీ. రూల్సు బుక్కులో రాసిపెట్టిన డ్యూటీ.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఈ సంగతి బయటికొచ్చింది. సుకన్య శాంత అనే జర్నలిస్టు జైళ్లలో కులం గురించి 2020లో రాశారు, తర్వాత కోర్టుకెక్కారు. చీఫ్ జస్టిస్ చంద్రచూడ్, ఇంకో ఇద్దరు జడ్జీలు అనేక రాష్ట్రాల జైలు మాన్యువళ్లు ముందేసుకుని చూశారు. కులాన్ని బట్టి పని పంచే రూళ్లు, కులాన్ని బట్టి ఖైదీల్ని విడదీసే రూళ్లు, కొన్ని తెగల్ని పుట్టుదొంగల కింద లెక్కగట్టే రూళ్లు రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేశారు. అందులో అంటరానితనాన్ని నిషేధించిన 17వ ఆర్టికలూ ఉంది, వెట్టిని నిషేధించిన 23వ ఆర్టికలూ ఉంది. రాజ్యాంగం అమల్లోకొచ్చి అప్పటికి 74 ఏళ్లు.

ఇవన్నీ తెల్లోడు రాసిన రూల్సండీ, మనదేం తప్పు అని పెద్దకులాల మేధావులు అప్పుడే మొదలెట్టారు. సగం నిజం. ఆ సగం సంగతి ముందు చూద్దాం.

మన జైళ్లకి మూలం 1894 నాటి ప్రిజన్స్ యాక్టు. జైలు సిబ్బంది ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అన్నది అందులో పూసగుచ్చినట్టు రాశారు. జైలరు జైల్లోనే కాపురం ఉండాలి. రాతపూర్వకంగా పర్మిషన్ లేకుండా ఒక్క రాత్రి కూడా బయట పడుకోకూడదు. ఏ ఉద్యోగీ ఖైదీకి ఏదీ అమ్మకూడదు, అతనితో డబ్బు వ్యవహారం పెట్టుకోకూడదు, జైలు కాంట్రాక్టుల్లో వేలు పెట్టకూడదు. గేటు దగ్గర కాపలావాడు లోపలికొచ్చేదీ బయటికెళ్లేదీ సోదా చెయ్యొచ్చు. వచ్చిన ఖైదీలకో రిజిస్టరు, విడుదల తేదీలకో బుక్కు, శిక్షలకో బుక్కు, చూడ్డానికొచ్చిన విజిటర్లకో బుక్కు, ఖైదీ దగ్గర తీసుకున్న డబ్బుకీ వస్తువులకీ ఇంకో లెక్క. ఖైదీ చస్తే డాక్టరు రాయాల్సిన వివరాలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మొదట ఎప్పుడు బాగాలేదన్నాడు, ఆ రోజు ఏ పని చేశాడు, ఏ కొలత తిండి తిన్నాడు, ఆస్పత్రిలో ఎప్పుడు చేర్చారు, చివరిసారి ఎప్పుడు చూశారు, అన్నీ రాయాలి. రిజిస్టర్లు నింపి బతికే పంతుల్ని గనక చెబుతున్నా, రాసినవాడు గట్టివాడే.

ఇంత రాసిన ఆ చట్టంలో ఖైదీల్ని ఎలా వేరుచెయ్యాలో చెప్పే 27వ సెక్షన్ ఉంది. ఆడ, మగ, వయసు, శిక్ష పడ్డవాళ్లు, పడనివాళ్లు, సివిల్ ఖైదీలు, క్రిమినల్ ఖైదీలు. అంతే. అక్కడ కులం మాట లేదు. మరి కులం ఎక్కడ దూరింది? 59వ సెక్షన్ కింద రూల్సు చేసుకునే అధికారం ఇచ్చారు చూడండి, మాన్యువళ్లు ఆ దారినే వచ్చాయి. కులమూ వాటితోనే వచ్చింది.

వచ్చిందంటే ఊరికే రాలేదు. తెల్లోడు మొదట్లో ఖైదీలకి బత్తెం డబ్బులిచ్చి ఎవరి వంట వాళ్లని వండుకోనిచ్చేవాడు. 1838లో ఒక కమిటీ రిపోర్టు వచ్చింది, ఆ తర్వాత అందరికీ ఒకేచోట వంట అన్నారు. దాంతో బీహారు జైళ్లల్లో గొడవలు లేచాయి. 1855లో ఆరా, ముజఫర్‌పూర్ జైళ్లల్లో ఖైదీల ఇత్తడి లోటాలు తీసేసుకుని మట్టి ముంతలిచ్చారు. ఇత్తడిదైతే తోముకుంటే మైల పోతుందట, మట్టిదైతే పోదట. ఖైదీలు తిరగబడ్డారు. ముజఫర్‌పూర్లో ఊళ్లోవాళ్లు కూడా వచ్చి కలిశారు. సర్కారు లోటాలు తిరిగిచ్చేసింది. మన ఊరి హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లకి ఈ లోటా కథ వేరే విప్పి చెప్పక్కర్లేదు.

తెల్లోడు ఒక పాఠం నేర్చుకున్నాడు. ఖైదీని ముప్ఫై బెత్తం దెబ్బల దాకా కొట్టొచ్చని 1894 చట్టంలో రాసుకున్నాడు గానీ, ఖైదీ కులం జోలికి మాత్రం పోకూడదనుకున్నాడు. ఎవరి కులం? లోటా ఉన్నోడి కులం. మన కులాన్ని కాపాడమని మనమెవరం అడగలేదు. దాన్ని వాడుకున్నారు. జైలు చవగ్గా నడవాలి. వంట, క్షవరం, ఊడ్పు, పాకీ పని అన్నీ ఖైదీలే చెయ్యాలి. ఆఖరికి కాపలా కూడా ఖైదీకే అప్పజెప్పి, అలాంటి ఖైదీని ప్రభుత్వోద్యోగి కిందే లెక్కించమని 23వ సెక్షన్లో రాశారు. ఇంత పని పంచాలంటే ఊళ్లో ఎవడేం చేస్తున్నాడో చూసి అదే లోపల చేయించుకుంటే పోయె. పల్లెనీ గూడేన్నీ గోడల మధ్యకి తెచ్చి పెట్టారు.

ఇంక రెండో సగం. తెల్లోడు 1947లో పోయాడు. రాజస్థాన్ జైలు రూల్సు 1951లో రాసుకున్నవి. వంటకి బ్రాహ్మణుడో, తగినంత పెద్దకులం హిందువో అర్హుడని అందులో ఉంది. 2020లో సుకన్య శాంత రాశాక, అక్కడి హైకోర్టు తనంతట తాను కేసు చేపట్టాక, 2021లో మార్చారు. పశ్చిమబెంగాల్ రూల్సు 1967వి. వంటవాడు తగిన కులం వాడై ఉండాలి. ఊడ్చేవాళ్లని మెహతర్, హాడి, చండాల కులాల నించి తీసుకోవాలని పేర్లు పెట్టి మరీ రాశారు. ఉత్తరప్రదేశ్ మాన్యువల్ అయితే 2022ది, నిన్న మొన్నటిది. సాధారణ జైలు శిక్ష పడ్డవాడికి నీచమైన పనులు చెప్పకూడదట. బాగానే ఉంది. అయితే అలాంటి పనులు అలవాటున్న కులం వాడైతే చెప్పొచ్చట! అలవాటు. ఎవడు చేశాడయ్యా ఆ అలవాటు? 2022లో ఈ మాట ఏ తెల్లోడొచ్చి రాశాడు?

1932లో జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. రత్నగిరి జైల్లో అప్పాసాహెబ్ పట్వర్ధన్ అనే గాంధీ శిష్యుడు, బ్రాహ్మణుడు, ఖైదీగా ఉన్నాడు. తనకి పాకీ పని ఇమ్మని అడిగాడు. జైలోళ్లు కుదరదన్నారు. పెద్దకులం వాడికి ఆ పని ఇవ్వరు. ఆయన తిండి మానాడు. ఎరవాడలో ఉన్న గాంధీ ఆయనకి తోడుగా ఉపవాసం మొదలెట్టాడు. అప్పుడు సర్కారు దిగొచ్చింది. ఆయన మంచితనాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఆలోచించండి. బ్రాహ్మణుడు పాకీ పని చెయ్యాలంటే ఇద్దరు ఉపవాసం ఉండాల్సొచ్చింది. ఆ పని వద్దన్న మన మనిషి కోసం ఎవడు ఉపవాసం ఉన్నాడు? వాడి కోసం శిక్షల బుక్కు ఉంది.

సిబ్బంది సంగతి కూడా అంతే. రూలుని కావాలని తప్పినా, పట్టించుకోకపోయినా జైలరుకీ, కింది ఉద్యోగికీ 200 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు అని 54వ సెక్షన్ చెబుతుంది. రూల్లో కులం ఉన్నన్నాళ్లూ, కులం చూడని వార్డరే తప్పు చేసినవాడు. మన కులాల నించి వెళ్లి వార్డర్లైన తమ్ముళ్లు కూడా ఉన్నారు. మనోడి చేతికి చీపురిచ్చే డ్యూటీ మనోడికే పడి ఉంటుంది. నా స్కూలు రిజిస్టర్లోనూ కులం గడి ఉంది. అది స్కాలర్‌షిప్పు కోసం. జైలు రిజిస్టర్లో గడి పని పంచడానికి. అందుకే ఖైదీల రిజిస్టర్లలో కులం గడి, కులం ప్రస్తావన తీసెయ్యాలని కోర్టు ఆర్డరేసింది. రూళ్లు మూడు నెలల్లో మార్చమని రాష్ట్రాలకి గడువు పెట్టింది.

ఇప్పుడు రూలు తిరగబడింది. కాబట్టి 54వ సెక్షన్ కూడా తిరగబడాలి. 1894 చట్టం నడిచే చోట, మారిన రూలుని తప్పి కులాన్ని బట్టి పని చెప్పినవాడి మీద అదే సెక్షన్ పెట్టమని మనం అడగాలి. సొంత చట్టం చేసుకునే రాష్ట్రంలో అయితే ఆ చట్టంలోనే శిక్ష రాయించాలి. కేంద్రం 2023లో పంపిన నమూనా జైలు చట్టంలో కుల వివక్ష నిషేధం అన్న మాటే అప్పటికి లేదని కోర్టే ఎత్తి చూపింది మరి. బీడీ కట్ట లోపలికి పంపితే ఆర్నెల్ల దాకా జైలని 1894లోనే రాయగలిగారు. కులానికి రాయలేరా?

మనవైపు సంగతి మర్చిపోవద్దు. కోర్టు చూసిన వాటిల్లో ఆంధ్రప్రదేశ్ 1979 రూల్సు కూడా ఉన్నాయి. సంచార తెగలు, నేరస్త తెగలు అన్న మాటలు వాటిలో అప్పటికీ అలాగే మిగిలాయి. నేరస్త తెగల చట్టం 1952లోనే రద్దయింది. స్టువార్టుపురం ఎరుకల తాతలు తెల్లోడి సెటిల్మెంటులో హాజరు పలికి పలికి పోయారు. మనవళ్ల మీద ఆ ముద్ర జైలు పుస్తకంలో ఆ తీర్పు నాటికీ బతికే ఉండింది. బెంగాల్లోనైతే సంచార తెగల వాడికి పారిపోయే గుణం పుట్టుకతోనే ఉంటుందట, రాత్రి కాపలాకి పనికిరాడట. ఎరుకల, యానాది సోదరులతో కలిసి చెయ్యాల్సిన పని ఇది. ఇది మాలోళ్లదా మాదిగోళ్లదా అని లోపల్లోపల లెక్కలేసుకునే సమయం కాదు.

తీర్పు ప్రకారం జిల్లా న్యాయసేవాధికార సంస్థ, జైలు విజిటర్ల బోర్డు కలిసి జైళ్లు తనిఖీ చెయ్యాలి, రిపోర్టు పంపాలి. బోర్డులో అనధికారులు కూడా ఉంటారు. మీ జిల్లాలో ఎవరున్నారో కనుక్కోండి. మనవాళ్లెవరూ లేకపోతే కలెక్టరుకి అర్జీ పెట్టండి. తనిఖీ ఎప్పుడు జరిగింది, ఏం రాశారు అని సమాచార హక్కు కింద అడగండి. లోపలున్నవాడి తరఫున ఇంట్లోవాళ్లు న్యాయసేవాధికార సంస్థకి కాగితం పెట్టుకోవచ్చు, 15100కి ఫోన్ చెయ్యొచ్చు, ఖర్చు లేదు.

ములాఖత్‌కి వెళ్లే అమ్మలూ అక్కలూ, తిన్నావా, ఒంట్లో ఎలా ఉందని ఎటూ అడుగుతారు. ఈసారి ఇంకో మూడు మాటలు అడిగి రండి. లోపల నీకేం పని చెప్పారు? చెప్పేముందు మీరేవుట్లు అని అడిగారా? వంటింట్లోకి ఎవర్ని రానిస్తున్నారు? చదువొచ్చిన పిల్లల చేత ఒక కాగితం మీద రాయించి మాకు పంపండి. పేర్లు వెయ్యం.