మరచిపోని కణాలు - మరచిపోయే మనుషులు



తెలుగు పాఠం చెప్పుకొనే అధ్యాపకుడు టీకాలను గురించి వ్రాయడమేమిటని మీలో కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చును. నాకు విజ్ఞానశాస్త్రంలో పట్టా లేదు. కాని జ్ఞాపకశక్తితో నాకు నిత్యం పని ఉన్నది. పద్యం కంఠస్థం చేయించడం, మరచిపోయినవారిచేత మళ్ళీ వల్లె వేయించడం నా వృత్తి. మన శరీరంలోనే అవధానులను మించిన ధారణ గల కణాలు ఉన్నవని చదివినప్పుడు కలిగిన కుతూహలం ఈ వ్యాసానికి ఒక కారణం. మా ఇంట జరిగిన ఒక విషాదం రెండవ కారణం. దానిని తగినచోట చెబుతాను.

ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో ఫారో దీవులు ఉన్నవి. 1846లో అక్కడ తట్టు వ్యాధి చెలరేగి, సుమారు ఎనిమిది వేల జనాభాలో ఆరు వేలమంది మంచం పట్టారు. డెన్మార్కు నుండి వెళ్ళిన పానుమ్ అనే యువ వైద్యుడు ఇల్లిల్లూ తిరిగి ఒక విచిత్రాన్ని గమనించాడు. అంతకు పూర్వం ఆ దీవుల్లో తట్టు వచ్చినది 1781లో. నాడు బాల్యంలో ఆ వ్యాధిని అనుభవించి బ్రతికి ఉన్న వృద్ధులలో ఒక్కరికీ అది రెండవసారి సోకలేదు. నడుమ 65 సంవత్సరాలు గడిచినవి. ఆ కాలమంతా వ్యాధి ఆ దీవుల ముఖం చూడలేదు. అయినా ఆ శరీరాలు తమ శత్రువును మరచిపోలేదు.

ఇట్టి నిదర్శనం మన కాలంలోనూ దొరికింది. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలోనే కోటిమందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. ఆ మహమ్మారి కాలంలో జీవించి, తొంభై ఏళ్ళు దాటిన 32 మంది అమెరికన్ వృద్ధుల రక్తాన్ని శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఆనాటి వైరస్‌ను గుర్తించగల కణాలు వారిలో ఇంకా ఉన్నవని 2008లో ప్రకటించారు.

ఈ ధారణ ఎట్లు సాధ్యమవుతున్నది? టీకా రూపంలో ఒక కొత్త పదార్థం శరీరంలో ప్రవేశించగానే, దానికి సరిపోయే బి-కణాలు లింఫు గ్రంథులలో మేల్కొంటాయి. టి-కణాల సహాయంతో అవి వృద్ధి చెంది, విభజన చెందిన ప్రతిసారి కొద్దికొద్దిగా మార్పు పొందుతూ, శత్రువును మరింత గట్టిగా పట్టుకోగలవి మాత్రమే మిగులుతాయి. ఆ కణాలు క్రమంగా రెండు దారులు పడతాయి. కొన్ని ఎముకల మూలుగలో స్థిరపడి సంవత్సరాల తరబడి ప్రతిరక్షకాలను తయారు చేస్తాయి. ఇవి కాపలా సైనికుల వంటివి. మరికొన్ని ఏమీ తయారుచేయక, మౌనంగా రక్తంలోను, గ్రంథులలోను సంచరిస్తూ ఉంటాయి. వీటినే స్మృతికణాలు అంటారు. అదే పదార్థం మరల ఎదురైతే అవి అతివేగంగా విజృంభిస్తాయి. మొదటి టీకాకు శరీరం బదులు చెప్పడానికి దాదాపు రెండు వారాలు పడితే, బూస్టర్ మోతాదుకు నాలుగైదు రోజుల్లోనే బదులు ఆరంభమవుతుంది. అప్పుడు పుట్టే ప్రతిరక్షకాల సంఖ్యయే కాదు, నాణ్యత కూడా మిన్న.

అయితే స్మృతికణాలకు పరిపక్వత రావడానికి కొన్ని నెలలు కావాలి. పద్యం చెప్పిన మరుక్షణమే అప్పజెప్పమంటే విద్యార్థి తడబడతాడు గదా! టీకాల మధ్య వ్యవధి పాటించమనడంలోని రహస్యం ఇదే.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. కణాలకు ఇంత ధారణ ఉన్నప్పుడు వయోజనులకు బూస్టర్ ఎందుకు? దీనికి సమాధానం శత్రువు నడకలో ఉన్నది. హెపటైటిస్-బి వైరస్ శరీరంలో ప్రవేశించిన తరువాత వ్యాధి బయటపడడానికి ఆరు వారాల నుండి ఆరు నెలలు పడుతుంది. ఆలోగా స్మృతికణాలు తీరికగా మేల్కొని దానిని ఓడిస్తాయి. కనుకనే చిన్ననాడు మూడు మోతాదులు సక్రమంగా తీసుకొన్న ఆరోగ్యవంతులకు, రక్తంలో ప్రతిరక్షకాలు కనుమరుగైనా, ఆ టీకాను పదే పదే వేయనక్కరలేదని నిపుణులు అంటారు. జన్యుసాంకేతిక పద్ధతిలో ఈ టీకాను మన దేశంలో మొదట 1997లో విడుదల చేసినది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ అన్నది మనకు గర్వకారణం.

మెదడుపొరల వాపును కలిగించే మెనింగోకాకస్ నడక అట్టిది కాదు. అది కొద్ది రోజుల్లోనే, ఒక్కొక్కసారి గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. స్మృతికణాలు నిద్రలేచేసరికే ఇల్లు కాలిపోతుంది. అచ్చట రక్తంలో సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాలే దిక్కు. 2000వ సంవత్సరంలో హజ్ యాత్రికులలో ఈ వ్యాధి ప్రబలి, వారితో పాటు పలు దేశాలకు వ్యాపించింది. తరువాత నాలుగు రకాల మెనింగోకాకస్‌ను ఎదుర్కొనే టీకా హజ్ యాత్రికులకు తప్పనిసరి అయినది. ఈ టీకాలోనూ ఒక విశేషం ఉన్నది. కేవలం చక్కెర గొలుసులతో చేసిన పాత టీకా స్మృతికణాలను సరిగా తయారుచేయదు. దాని ధ్రువపత్రానికి మూడేళ్ళే గడువు. మాంసకృత్తును జోడించి చేసిన కొత్త టీకా టి-కణాలను కూడా పిలుస్తుంది. దానికి ఐదేళ్ళ గడువు. మన ఇళ్ళలో పెద్దలు హజ్‌కు బయలుదేరేటప్పుడు వేయించుకొనే సూది వెనుక ఇంత శాస్త్రం ఉన్నది.

ఇక ధనుర్వాతం సంగతి. దీని విషం ఎంత తీవ్రమైనదంటే, ప్రాణం తీయడానికి చాలిన పరిమాణం శరీరానికి పాఠం నేర్పడానికి చాలదు. అందువల్ల ఆ వ్యాధి వచ్చి బ్రతికినవారికి సైతం మళ్ళీ రాదన్న భరోసా లేదు. వారు కూడా టీకా వేయించుకోవలసిందే.

నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో మా అమ్మ అన్నగారికి, మేము పెద్ద మామూ అని పిలిచే ఆయనకు, పొలంలో తుమ్మముల్లు గుచ్చుకొన్నది. తుప్పు పట్టిన ఇనుము కాదు గదా అని ఆయన లక్ష్యపెట్టలేదు. ఆ బీజాలు మట్టిలోను, పశువుల పేడలోను ఉంటాయని ఆయనకు తెలియదు. వారం దాటిన తరువాత దవడలు బిగుసుకొన్నవి. ఆసుపత్రిలో ఎంత శ్రమించినా దక్కలేదు. ఆనాడు మా ముమానీ అన్న మాట నేటికీ నా చెవుల్లో ఉన్నది: "నా ప్రతి కాన్పులోను నాకు ఆ సూది వేశారు. ఆయనకు ఒక్కటైనా ఎవరూ వేయలేదు. ఆయనా అడగలేదు."

మిత్రులారా, మన సమస్య అంతా ఆ మాటలో ఉన్నది. మన దేశంలో విస్తృత టీకా కార్యక్రమం 1978లో ఆరంభమైనది. సార్వత్రిక టీకా కార్యక్రమం 1985లో వచ్చినది. అంతకు ముందు పుట్టిన అనేకులకు మొదటి పాఠమే అందలేదు. స్త్రీలకు గర్భిణీ దశలోనైనా అందింది గాని పురుషులకు ఆ అవకాశం కూడా లేదు. అట్టివారికి గాయం తగిలినప్పుడు వేసే ఒక్క సూది బూస్టర్ కానేరదు. విననే వినని పాఠాన్ని పునశ్చరణ చేయడం ఎట్లు? వారికి మూడు మోతాదులు మొదటినుండి క్రమంగా పడవలసియున్నది.

ఇందుకు విరుద్ధమైన దోషం కూడా మనలో ఉన్నది. చిన్న గీత పడినా పరుగెత్తి సూది వేయించుకొనేవారు కొందరు. వెనుకటిది ఎప్పుడు వేయించుకొన్నారని అడిగితే చెప్పలేరు. అవసరానికి మించి వేసిన మోతాదు వల్ల చేయి వాచి బాధపెట్టవచ్చును గాని అదనపు మేలు లేదు. ఒకరికి ఎన్నడూ అందదు, మరొకరికి అనవసరంగా పదేపదే అందుతుంది. రెంటికీ కారణం ఒక్కటే: మన దగ్గర లెక్క లేదు. లోపలి కణాలు అరవై ఏళ్ళు గుర్తుంచుకొంటాయి. మనం ఒక చిన్న కార్డును ఆరేళ్ళు భద్రపరచలేము.

ఇది మన కళాశాలకు సంబంధించిన విషయమేనా అని కొందరు అడుగవచ్చును. తప్పక సంబంధించినదే. జాతీయ టీకా పట్టిక ప్రకారం ధనుర్వాతం, కంఠసర్పి రెంటినీ నివారించే టీడీ టీకా పదవ ఏట ఒకసారి, పదహారవ ఏట మరొకసారి వేయాలి. పదహారేళ్ళంటే పాఠశాల వదలి కళాశాల మెట్లెక్కే వయస్సు. పాఠశాల మా బాధ్యత తీరిందంటుంది, కళాశాల మా పని కాదంటుంది. నడుమ ఆ మోతాదు జారిపోతుంది. ఈ శతాబ్దంలో సైతం హైదరాబాదు నగరంలో కంఠసర్పి కేసులు నమోదైనవని మరువరాదు.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం చిన్నది. ప్రవేశ సమయంలో కుల ధ్రువపత్రం, బదిలీ పత్రం అడుగుతున్నాము. వాటితోపాటు టీకా కార్డును కూడా అడుగుదాము. లేదన్న కారణంతో ఎవరికీ సీటు నిరాకరించవద్దు. వారి పేర్లు ఒక రిజిస్టరులో వ్రాసి, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం వారిని ఏడాదికొకసారి మన ప్రాంగణానికి ఆహ్వానిద్దాము. ఆ టీకాకు వారు రుసుము తీసుకోరు. మనకయ్యే వ్యయం ఒక రిజిస్టరు, ఒక దినం. కళాశాల ఆసుపత్రి కాదన్నది నిజమే. కాని గుర్తుచేయడం విద్యాలయాల పనే గదా!

విద్యార్థులారా, మీకు కూడా ఒక ఇంటిపని ఇస్తున్నాను. నేటి సాయంత్రం మీ అబ్బాజాన్‌ను, మామూను, తాతగారిని ఒక్క ప్రశ్న అడగండి: "మీరు ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించుకొన్నారు? మొత్తం ఎన్ని?" సమాధానం లేకపోతే వారిని వెంటబెట్టుకొని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరమూ అడగలేదు.