ఫొటో వెనక్కి తిప్పి చూడండి

ట్రంకుపెట్టె అడుగున, పట్టుచీర మడతల మధ్య, పాత పేపర్లు కొనేవాడి తక్కెడ పక్కన... పాత ఫొటోలు ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనిదల్లా అందులోని మనిషి పేరు.

నిజామాబాద్, బోధన్ వైపు ఈ చిక్కు కాస్త ఎక్కువే. ఎందుకంటే అది వచ్చి పోయేవాళ్ల నేల. 1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీరా నీళ్లు కాలువలకెక్కాక కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు తరలివచ్చి పొలాల మధ్య ఇళ్లు వేసుకున్నారు. ఊరి పేరు చివర ‘క్యాంపు’ అని ఉంటే చాలు, అది ఎలా పుట్టిందో ఇప్పటికీ తెలిసిపోతుంది. 1937లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలసింది. కెమిస్టులు, ఫిట్టర్లు, గుమాస్తాలు, చెరుకు కొట్టే కూలీలు... తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం మాట్లాడేవాళ్లంతా ఒకే సైరన్‌కు నిద్ర లేచారు. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు మంచాలు, బీరువాలు తప్పకుండా లారీ ఎక్కుతాయి. ఫొటోలే, కొన్ని ఎక్కుతాయి, కొన్ని అక్కడే ఉండిపోతాయి.

అలా ఎవరిదో ఒక ఫొటో చేతికొచ్చిందనుకోండి. తలపాగా పెద్దాయన కుర్చీలో కూర్చున్నాడు. పక్కన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియని కుర్రాడు. వెనక తెర మీద మేడ, మెట్లు, పూలకుండీ. చాలామంది ముఖాలకేసే చూస్తూ ఉండిపోతారు. పాత ఫొటోల ఆరా తీసేవాళ్లు మాత్రం ముందు చేసే పని దాన్ని వెనక్కి తిప్పడం.

అసలు కథ అక్కడే ఉంటుంది. స్టూడియో ముద్రలో ‘హైదరాబాద్ దక్కన్’ అని ఉంటే అది పాత కాలానిదే కావచ్చు. ‘ఆంధ్రప్రదేశ్’ అని ఉంటే 1956 నవంబరు తర్వాతిది. చిరునామాలో పిన్‌కోడ్ ఉందా? అయితే 1972 ఆగస్టు 15కు ముందుది కానే కాదు, పిన్‌కోడ్ పుట్టిందే ఆ రోజున. పెన్సిల్‌తో ఒక అంకె వేసి ఉంటే అది నెగెటివ్ నంబరు కావచ్చు. మళ్లీ కాపీ కావాలని వస్తే వెతికి ఇవ్వడానికి స్టూడియోవాళ్లు రాసుకునేవారు. ఆ స్టూడియో ఇంకా ఉండి, పాత రిజిస్టరు అటక మీద మిగిలి ఉంటే సగం పని అయిపోయినట్టే.

వెనక 1350 అని ఉంటే కంగారు పడక్కర్లేదు. ఫొటోలు పుట్టని కాలానికి వెళ్లిపోలేదు మనం. అది ఫసలీ సంవత్సరం. నిజాం రాజ్యంలో కచేరీ లెక్కలన్నీ దాంట్లోనే నడిచేవి. ఏడాది అక్టోబరు మొదటి వారంలో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఆజూర్, దై, బహ్మన్ నెలలైతే అంకెకు దాదాపుగా 590 కలపాలి, మిగతా నెలలైతే 591. అంటే 1350 ఆజూర్ మన లెక్కలో 1940 అక్టోబరు. ఇక ఆ రాత ఉర్దూలో, గొలుసుకట్టుగా ఉంటే చదివిపెట్టే పెద్దమనుషుల కోసం దూరం పోనక్కర్లేదు. నిజామాబాద్‌లో, బోధన్‌లో ఇప్పటికీ ఉన్నారు. కాకపోతే ఏటేటా తగ్గిపోతున్నారు. ధర రాసి ఉంటే అదీ ఒక ఆనవాలే. అది హాలీ సిక్కానా, కల్దారా? ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్ రూపాయలు వచ్చేవి.

ముందువైపు చూసేటప్పుడు మాత్రం కాస్త అనుమానంగానే చూడాలి. ఆ కోటు ఆయనదే అని నమ్మకం లేదు. కోటు, టై, చేతిగడియారం చాలా స్టూడియోల్లో సిద్ధంగా ఉండేవి. బల్ల మీద రేడియో ఉన్నంత మాత్రాన ఇంట్లో రేడియో ఉందని కాదు, ఊళ్లో కరెంటు ఉందనీ కాదు. ఇంకో తమాషా ఉంది. పెట్టెలో ఒంటరిగా దొరికిన అమ్మాయి ఫొటో మన చుట్టాలదే అయి ఉండాలన్న రూలేమీ లేదు. పెళ్లి సంబంధానికి పంపిన ఫొటోలన్నీ తిరిగి వెళ్లేవి కావు మరి. తాతయ్య చేసుకోని అమ్మాయి అరవై ఏళ్లుగా నాయనమ్మ పెట్టెలోనే ఉండిపోయి ఉండొచ్చు!

ఆనవాళ్లు కాలాన్ని చెబుతాయి, ఊరిని చెబుతాయి. పేరు చెప్పేది మాత్రం మనుషులే. వాళ్లను అడగడంలోనే చాలామంది పప్పులో కాలేస్తారు. నలుగురు పెద్దవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి ‘ఈయనెవరు?’ అంటే మొదటాయన కళ్లజోడు సర్దుకుని ‘గీయన మా చిన్నాయన లెక్కనే ఉన్నడు గదా’ అంటాడు. అంతే, మిగతా ముగ్గురికీ ఆ ముఖంలో చిన్నాయనే కనిపిస్తాడు. విడివిడిగా అడగాలి. ముందు మనిషిని కాదు, చోటును అడగాలి. ఈ గోడ ఎక్కడిది? ఈ చెట్టు కింద ఎవరు కూర్చునేవారు? గోడ గుర్తొస్తే దాని ముందు నిలబడ్డ మనిషి మెల్లగా గుర్తొస్తాడు. ఒకరి మాట ఒకరు వినని ఇద్దరు అదే పేరు చెప్పినప్పుడు నమ్మొచ్చు. ఆ తర్వాత కాగితాలు ఉండనే ఉన్నాయి. స్కూలు అడ్మిషన్ రిజిస్టరులో పిల్లవాడి పేరు పక్కన తండ్రి పేరు, ఆయన చేసే పని, పిల్లవాడు బడి మానేసిన తేదీ ఉంటాయి. పేరు తెలిసిపోయింది కదా అని వెంటనే వాట్సాప్‌లో పెట్టేయడం కూడా మంచిది కాదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాక ఊరు వదిలిన కుటుంబాలు ఉన్నాయి. మరుగున ఉండిపోవాలనుకున్న వాళ్లుంటారు. ముందు వారసులను అడగడం మర్యాద.

ఫొటోను అచ్చువేసే వీల్లేని రోజుల్లో పత్రిక ద్వారా ఒక మనిషి పేరు కనుక్కున్న సంగతి అమెరికాలో ఉంది. 1863 జులైలో గెటిస్‌బర్గ్ యుద్ధం ముగిశాక ఒక సైనికుడి శవం దొరికింది. పేరు తెలిపే కాగితం ఏదీ లేదు. చేతిలో ముగ్గురు పిల్లల గాజుపలక ఫొటో మాత్రం ఉంది. అది బోర్న్స్ అనే ఫిలడెల్ఫియా డాక్టరుకు చేరింది. అప్పటి పత్రికలు ఫొటోలు ముద్రించలేవు. అందుకని పిల్లలెలా ఉన్నారో అక్షరాల్లో రాయించాడు. పెద్దబ్బాయి చొక్కా, అమ్మాయి గౌను ఒకే గుడ్డతో కుట్టినవన్న వివరం కూడా వదల్లేదు. ఆ వార్త ఒక పత్రిక నుంచి మరో పత్రికకు పాకుతూ న్యూయార్క్ రాష్ట్రంలోని పోర్ట్‌విల్ అనే చిన్న ఊరికి చేరింది. ఫిలిండా హ్యూమిస్టన్ అనే ఆమె అది చదివింది. భర్త ఏమోస్‌కు అలాంటి ఫొటో పంపింది ఆమే. తను విధవనయ్యానని ఆమెకు తెలిసింది ఆ చొక్కా గుడ్డ వల్లే.

ఇక చక్కెరతో ముడిపడిన ఫొటోల దగ్గరికి వద్దాం. బోధన్‌లో ఫ్యాక్టరీ రావడానికి నూరేళ్ల ముందే తెలుగువాళ్లు చెరుకు తోటల్లో పనిచేశారు. ఇక్కడ కాదు, మారిషస్‌లో. కోరంగి రేవు నుంచి ఓడలెక్కారు కాబట్టి అక్కడ తెలుగువాళ్లకు ‘కోరంగీలు’ అనే పేరు పడిపోయింది. ఒప్పందం గడువు తీరినా వాళ్లకు స్వేచ్ఛ దొరకలేదు. 1867 చట్టం ప్రకారం పాత కూలీ ప్రతివాడూ ఫొటో అంటించిన టికెట్ దగ్గర ఉంచుకోవాలి. లేకుండా దొరికితే దేశదిమ్మరి కింద పట్టుకుపోయేవారు. దీనికి వ్యతిరేకంగా 1871లో 9,401 మంది పాత కూలీలు గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. అడాల్ఫ్ డి ప్లెవిట్జ్ అనే తోట యజమాని వాళ్ల పక్షాన నిలబడ్డాడు. చివరకు లండన్ నుంచి విచారణ సంఘం వచ్చింది.

ఆ ఫొటోలు ఇప్పుడు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో రిజిస్టర్లతో పాటు ఉన్నాయి. బిగుసుకుపోయిన ముఖాలు. ఎవరూ నవ్వరు. మనుషుల్ని అదుపులో పెట్టడానికి తీసినవవి, ముచ్చటపడి తీయించుకున్నవి కావు. కానీ మనిషికో నంబరు ఉంది. నంబరును పట్టుకుని రిజిస్టరు తిరగేస్తే పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా, వచ్చిన ఓడ దొరుకుతాయి. ముత్తాత ఊరేదో తెలుసుకోవాలనుకునే మారిషస్ తెలుగువాళ్లకు ఇవాళ అవే ఆధారం. ఊరి పేరును గుమాస్తా తన చెవికి తోచినట్టు రాసుకోవడం ఒక తంటా. జిల్లా పేరు ఇంకో తంటా. ‘గంజాం’ అని కనబడగానే ఒడిశా వెళ్లిపోనక్కర్లేదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా శ్రీకాకుళం ప్రాంతం కూడా గంజాం జిల్లాలోదే.

ఇప్పుడు మన ఫ్యాక్టరీ గ్రూప్ ఫొటోలను గుర్తు చేసుకోండి. అలాంటివి ఏ పాత కర్మాగారానికైనా ఉంటాయి. ముందు వరసలో కుర్చీల్లో ఆఫీసర్లు, మెడలో దండలు. అట్ట మీద వాళ్ల పేర్లు, హోదాలు పొందిగ్గా అచ్చయి ఉంటాయి. వెనక బెంచీల మీద నిలబడ్డ వాళ్లకు, కింద చాప మీద కూర్చున్న వాళ్లకు చాలాసార్లు ఒకటే మాట, ‘సిబ్బంది’. ప్రేమగా పిలిచి ఫొటో తీసి పేరు రాయడం మరిచిపోయారు. అక్కడేమో బలవంతంగా తీసి అన్నీ రాసుకున్నారు. అందుకే నూటయాభై ఏళ్ల కిందట సముద్రం దాటిన కూలీ ఊరు దొరుకుతోంది గానీ, మొన్న మొన్నటి దాకా బాయిలర్ దగ్గర నిలబడ్డ మనిషి పేరు దొరకడం లేదు.

రాజా దీన్‌దయాళ్ అంతటివాడి గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరి భద్రంగా ఉన్నాయి. తమిళనాడులో చిన్న ఊళ్ల స్టూడియోల ఫొటోలను పుదుచ్చేరిలోని ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ వాళ్లు బ్రిటిష్ లైబ్రరీ సాయంతో కాపీలు తీసి దాచారు. చిన్న స్టూడియో మూతపడితే గాజుపలకల్ని కడిగి గాజు కింద అమ్మేసుకోవడం మామూలే. అలా పోయినవాటిని ఎవరూ తేలేరు. ఇంట్లో మిగిలినవాటి సంగతి మాత్రం ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉంది.

ఈ ఆదివారం ఆల్బమ్ దించితే, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల పక్కన కూర్చుని అడగండి. ఎడమ నుంచి మొదలుపెట్టి వరసల వారీగా పేర్లు రాయండి. ‘అత్తయ్య’ అని రాస్తే ఎవరి అత్తయ్యో రేపు మనవలకు తెలియదు, పూర్తి పేరు, ఊరు రాయాలి. తెలియని మనిషి దగ్గర ‘తెలియదు’ అనే రాయండి, ఊహించి రాయొద్దు. బాల్‌పెన్ను వాడకండి, గీత ముందువైపుకు తేలుతుంది, సిరా ముఖం మీదికి దిగుతుంది. మెత్తటి పెన్సిల్‌తో, వెనకవైపు, అంచున, ఒత్తకుండా రాస్తే సరి.