చోప్డా వెనక పేజీ

– భావన

దీపావళికి మూసిన సూరత్ బట్టల మార్కెట్ లాభ పంచమి నాడు మళ్లీ తెరుచుకుంటుంది. ఆ నాలుగైదు రోజులే రింగ్ రోడ్డు మీద మనిషి నడవడానికి చోటుంటుంది. మిగతా ఏడాదంతా చీరల మూటలదే దారి. మొన్నటి లాభ పంచమికి నేను మా మేనమామ ఇంట్లో ఉన్నాను. మామ సిరిసిల్ల నుంచి సాంచాల పనికి, అంటే మరమగ్గాల పనికి, సూరత్ పోయినవాడు. ఇప్పుడు లింబాయత్‌లో ఇల్లుంది, బావకు మార్కెట్లో చీరల దుకాణం ఉంది. పొద్దున్నే షట్టరు ఎత్తి, దీపం పెట్టి, ఎర్రట్ట లెక్కల పుస్తకం చోప్డాలో మొదటి లెక్క రాసి, బావ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మెయిల్ ఒక్కటీ లేదు. పండగ రోజులు కదా అనుకున్నాం. మధ్యాహ్నం విజయవాడ నుంచి ఫోను వచ్చింది. "నాలుగు రోజుల్నుంచి ఆర్డరు పంపుతుంటే తిరిగొస్తోందండీ. దుకాణం ఎత్తేశారా?"

ఆ ఆఖరి మాటకు బావ ముఖం మాడిపోయింది.

హైదరాబాద్‌లో ఒక ఆఫీసు నెట్‌వర్కు చూసుకోవడం నా ఉద్యోగం. అందుకని తప్పెక్కడుందో కనుక్కోవడానికి పది నిమిషాలు చాలాయి. సరిచేయడానికి మాత్రం మూడు రోజులు పట్టింది. బావకు వెబ్‌సైట్ కట్టిచ్చిన కుర్రాడు, మార్కెట్ మూసి ఉన్నప్పుడైతే ఎవరికీ ఇబ్బంది ఉండదని మంచి మనసుతోనే సైటును కొత్త సర్వరుకు మార్చాడు. సైటు చిరునామా కొత్తచోట రాశాడు. మెయిల్ చిరునామా రాయడం మరిచిపోయాడు. పండక్కి ఊరెళ్లాడు, ఫోను కలవలేదు. ఇంటర్నెట్‌లో దుకాణం పేరు కొన్న ఖాతా తెరుద్దామంటే అది అతని మెయిలు మీద, అతని ఫోను నంబరు మీద ఉంది.

"పైసలు నేనే కట్టిన గదనే, పేరు నాదే గద?" అన్నాడు బావ.

కట్టాడు. ఏటేటా కడుతూనే ఉన్నాడు. అయినా ఆ పేరు కాగితం మీద అతనిది కాదు.

బావకు అర్థం కావడానికి నాకు భూమి కాగితాలే పనికొచ్చాయి. మన దగ్గర పహాణీ, ఆంధ్ర వైపు అడంగల్, గుజరాత్‌లో సాత్-బారా. పొలం ఎక్కడికీ పోదు, కానీ అది ఎవరిదో, అందులో ఏముందో చెప్పేది ఆ వరసలే. దుకాణం పేరుకు ఇంటర్నెట్‌లో ఉండే డీఎన్ఎస్ రికార్డులూ అలాంటి వరసలే. ఒకటి సైటు ఏ మిషనులో ఉందో చెబుతుంది, దాన్ని ఏ రికార్డు అంటారు. ఒకటి ఉత్తరాలు ఎవరు తీసుకుంటారో చెబుతుంది, అది ఎంఎక్స్. ఈ పేరుమీద ఉత్తరం పంపే హక్కు ఎవరికుందో టీఎక్స్‌టీలో రాస్తారు. ఈ వరసలన్నీ ఉన్న పుస్తకమే ఎవరి దగ్గరుందో చెప్పేది ఎన్ఎస్. ఎంఎక్స్ వరస లేకపోతే, పంపేవాడి సర్వరు ఉత్తరాన్ని సైటున్న మిషను దగ్గరికే తీసుకుపోతుంది. అక్కడ తీసుకునే దిక్కు లేక తిరిగొస్తుంది. బావకు జరిగింది అదే.

సాంచా మీద పడుగు పోగు తెగితే బట్టలో గీత పడుతుంది, ఎవరు చూసినా తెలుస్తుంది. ఇక్కడ ఒక వరస తెగితే ఏమీ కనపడదు. సైటు నిక్షేపంగా తెరుచుకుంటుంది, చీరల బొమ్మలన్నీ కనిపిస్తాయి. రావలసింది రాదు, అంతే. రానిదాన్ని ఎవరు చూస్తారు?

ఇదంతా ఒకప్పుడు ఒకే ఒక్క ఫైలు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం అన్ని కంప్యూటర్ల పేర్లనూ ఒకే జాబితాలో రాసి ఉంచేది. అందరూ దాన్నే దించుకునేవారు. పేర్లు పెరిగిపోయి ఆ పద్ధతి మోయలేకపోయింది. 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్ఎస్ రూపం గీశాడు. దాని ప్రాణమంతా ఒక్క ఆలోచనలో ఉంది: జాబితాను పంచు, ఎవరి భాగానికి వాళ్లనే బాధ్యుల్ని చెయ్యి. ఆ భాగానికి పెట్టిన పేరు జోన్.

సూరత్ వాళ్లకు ఈ మాట కొత్తది కాదు. 1994లో ప్లేగు వచ్చి జనం రైళ్లెక్కి పారిపోయిన ఊరది. మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్.రావు, నగరంలోని ఆరు జోన్లకు తన అధికారాలను పంచి, అధికారుల్ని రోజూ వీధుల్లోకి పంపి, ఏ చెత్తకు ఎవరు జవాబుదారో తేల్చాడు. ఊరు రెండేళ్లలో మారిపోయింది. మామ ఆ రోజుల గురించి ఇప్పటికీ చెబుతాడు. డీఎన్ఎస్ కూడా ఇలాగే బతుకుతోంది. పైన మూలం, దాని కింద మన దేశపు .ఇన్, దాన్ని చూసుకునే నిక్సీ సంస్థ, ఆ కింద బావ దుకాణం. మూలం నుంచి .ఇన్ దాకా అందరికీ తమ జోను తమదని తెలుసు. తెలియనిది చివర ఉన్న బావకే.

ఇక రికార్డులు మార్చే సాఫ్ట్‌వేర్ల సంగతి. వెనకటికి బైండ్ సర్వరులో జోన్ ఫైలును చేత్తో రాసేవాళ్లం. పైన ఒక సీరియల్ నంబరుంటుంది. తేదీ, దాని పక్కన ఆనాటి ఎన్నో మార్పో కలిపి 2025102601 లాగ రాయడం ఆనవాయితీ. మార్పు చేసి ఈ నంబరు పెంచకపోతే, జోన్ నకలు ఉంచుకునే రెండో సర్వరు ఆ మార్పును తీసుకోదు, పాత జవాబే చెబుతూ కూర్చుంటుంది. పూర్తి పేరు రాసినప్పుడు చివర ఒక చుక్క పెట్టాలి. పెట్టకపోతే ఆ పేరు వెనక జోన్ పేరు మరోసారి అతుక్కుంటుంది. చూపు ఆనని ఆ చుక్క ఎంత పని చేస్తుందంటే, 2009 అక్టోబరు 12 రాత్రి స్వీడన్ దేశపు జోన్ తయారుచేసే స్క్రిప్టు దాన్ని వదిలేసింది. దాదాపు 9 లక్షల పేర్లు, అంటే ఒక దేశపు పేర్లన్నీ, పలక్కుండా పోయాయి. తప్పును గంటలోపే దిద్దారు. పాత జవాబును దాచుకున్న సర్వర్లు మాత్రం అది మరిచిపోయేదాకా తిప్పలు పెట్టాయి.

వెబ్‌మిన్ లాంటి సాఫ్ట్‌వేర్లు వచ్చాక చుక్క పెట్టడం, సీరియల్ పెంచడం అవే చూసుకుంటున్నాయి. నేను రోజూ వాడేది అలాంటివే. వాటికి ఋణపడి ఉన్నాను. అయితే సాఫ్ట్‌వేర్ చూసేది వరస సరిగ్గా రాశావా అని, అవసరమైన వరస ఉందా అని కాదు. కొత్త జోన్‌లో ఎంఎక్స్ లేకపోయినా సేవ్ నొక్కనిస్తుంది. మెయిలు వాడని పేర్లూ ఉంటాయి, దానికేం తెలుసు? పాత జాబితానూ కొత్త జాబితానూ పక్కపక్కన పెట్టి వేలు పెట్టి చదవాల్సింది మనిషే. మార్చడానికి ఒకరోజు ముందే టీటీఎల్ అనే అంకెను, ఆ జవాబును ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పే సెకన్ల లెక్కను, 86400 నుంచి 300కు దించుకుంటే, తప్పు జరిగినా, దిద్దాక అది రోజంతా కాక అయిదు నిమిషాలే ఉంటుంది. చిన్న పనే, చేసేవాళ్లు మాత్రం తక్కువ.

"ఇదంతా ఎందుకే, ఆర్డర్లన్నీ వాట్సాప్‌లనే వస్తయి" అని బావ తేలిగ్గా తీసేశాడు. నిజమే, సూరత్ మార్కెట్ వాట్సాప్ మీదే నడుస్తుంది. 2021 అక్టోబరు 4 రాత్రి ఆ వాట్సాపే ఆరు గంటలు మూగబోలేదా? మరమ్మతులో ఇచ్చిన ఒక తప్పు ఆదేశానికి ఫేస్‌బుక్ సర్వర్ల మధ్య దారులు తెగాయి. దాంతో వాళ్ల పేర్లకు జవాబు చెప్పే డీఎన్ఎస్ సర్వర్లు ప్రపంచానికి అందకుండా పోయాయి. అంత పెద్ద సంస్థకైనా, మా బావకైనా పేరు పలకడం అవే వరసల మీద ఆధారపడింది.

డబ్బు సంగతికొస్తే నాకు అసలు భయమే వేస్తుంది. పార్టీ నుంచి వచ్చినట్టే మెయిలు వస్తుంది, ఖాతా నంబరు మారింది ఇందులో వేయండి అని ఉంటుంది. మన పేరు మీద ఎవరు మెయిలు పంపవచ్చో టీఎక్స్‌టీ వరసల్లో రాసిపెట్టుకోకపోతే, మన పేరుతో అలాంటి ఉత్తరం పంపడం దొంగకు సులువు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ పెద్దఎత్తున మెయిళ్లు పంపేవాళ్లకు ఈ వరసలు తప్పనిసరి చేసింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా .బ్యాంక్.ఇన్ పేరుకు మారాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ పేర్లను ఇచ్చేది మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ. బ్యాంకులకు చెప్పే పెద్ద దిక్కుంది. లింబాయత్, గోడాదరా, డిండోలీల్లో సాంచాలు, దుకాణాలు నడుపుకునే మనవాళ్లకు ఎవరు చెప్పాలి? కుల సంఘాలు, మార్కెట్ సంఘాలు జీఎస్టీ కోసం శిబిరాలు పెట్టినట్టు దీనికోసం ఒక్క పూట పెట్టాలి. పేరు ఎవరి మెయిలు మీద కొన్నారు? గడువెప్పుడు? పేరు అమ్మినవాడు, రికార్డులు ఉంచినవాడు, సైటు ఉంచినవాడు ఒక్కరేనా, ముగ్గురా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు ఇంటికి తీసుకుపోతే చాలు.

భాష మాట కూడా చెప్పాలి. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమం బళ్లు నడుపుతోంది. మా బావ చదివింది అక్కడే. .భారత్ అని తెలుగు లిపిలో, గుజరాతీ లిపిలో చిరునామాలు 2011 నుంచి డీఎన్ఎస్ మూలంలో ఉన్నాయి. తీరా ఆ పేరు కొని రికార్డుల తెర తెరిస్తే, తెలుగు పేరు ఎక్స్ఎన్ అని మొదలయ్యే ఇంగ్లిషు అక్షరాల కుప్పగా కనిపిస్తుంది. మిషనుకు అది అవసరమే. మనిషికి తన అక్షరాలు కనపడటమూ అంతే అవసరం. వేల పోగుల పడుగులో తెగినదాన్ని వేలితో పట్టుకునేవాడికి పది వరసల తెర అర్థం కాకపోవడం అతని లోపం కాదు.

మూడో రోజు సాయంత్రం కుర్రాడు దొరికాడు. నొచ్చుకున్నాడు, వెంటనే ఖాతాను బావ మెయిలు మీదికి మార్చాడు. ఆ రాత్రి బావ చోప్డా తిరగేసి వెనక పేజీలో గీతలు గీశాడు. నేను రికార్డులు ఒక్కొక్కటే చదువుతుంటే తెలుగులో రాసుకున్నాడు: సైటు, ఎక్కడ, ఎందుకు, మెయిలు, ఎక్కడ, ఎందుకు, గడువు తేదీ. మామ కళ్లజోడు పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. ఆరో వరస దగ్గర ఆగాం. దుకాణం పేరు ముందు 'సేల్' అని తగిలించిన సీనేమ్ రికార్డు ఒకటుంది. ఎప్పుడో మానేసిన ఒక సేవ వైపు చూపిస్తోంది. అటువైపు ఖాళీ అయిన చోటును ఎవరైనా తీసుకుంటే, బావ పేరు మీద వాళ్ల దుకాణం తెరుచుకుంటుంది.

"ఇదెవరు పెట్టిన్రు బిడ్డా?" అని మామ అడిగాడు.

బావకు గుర్తులేదు. కుర్రాడికి ఫోను చేస్తే తాను రాకముందు నుంచే ఉందన్నాడు. 'ఎందుకు' అన్న గడిలో ఏమీ రాయకుండా బావ కలం పక్కన పెట్టి, వెనకటి ఏళ్ల చోప్డాలు దించడానికి అటక మీదికి నిచ్చెన వేశాడు.