నలుగురూ కలిసి చదివితే

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల 8వ తరగతి పిల్లలకు వీడియో పాఠాలు నింపిన ట్యాబ్‌లు పంచింది. బద్వేలు చుట్టుపక్కల కూడా బిడ్డకో తెర వచ్చింది. ఆన్‌లైన్ చదువుల చుట్టూ ఒక నమ్మకం అల్లుకుని ఉంది: కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని, కొందరు చేసి, ఎవరి తీరుకు తగ్గ పాఠం వారికిస్తే చాలునని. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హెరాల్డ్ పాష్లర్ బృందం 2008లో అప్పటి పరిశోధనలను వడపోసి, దీనికి తగిన ఆధారం లేదని తేల్చింది. పటాన్ని ఎవరైనా చూసే నేర్చుకోవాలి, పద్యాన్ని విని పలికే నేర్చుకోవాలి. పద్ధతిని నిర్ణయించాల్సింది పాఠం. పిల్లల మీద మనం వేసే ముద్ర కాదు.

అయితే పిల్లల్లో తేడాలే లేవా? ఉన్నాయి. ముందే తెలిసినదానిలో, చదివే వేగంలో, ఇంట్లో సిగ్నల్ అందడంలో. కలిసి చదవాల్సింది అందుకే. భిన్నాలు అర్థమైన పిల్ల పక్కవాడికి చెప్పబోయి తన తప్పునూ పట్టుకుంటుంది. గుంపులో ఒకరే పనంతా చేస్తారన్న అభ్యంతరం న్యాయమైనదే. నలుగురికి మించకుండా కూర్చోబెట్టి, ఎవరినడిగినా జవాబు చెప్పాల్సిందేనని అయ్యవారు నియమం పెడితే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది. ఉపాధ్యాయులారా, వీడియోను మధ్యలో ఆపి పిల్లల్ని మాట్లాడుకోనివ్వండి. మీ తరగతిలో ఏం జరిగిందో మాకు రాయండి.